తీనో గరాజులో వీరుడు

యోగానంద్‌కి ఉన్న జబ్బు ఒక్కటే, మొహమాటం. బీపీకి మందుంది, షుగర్‌కి మందుంది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో అతని ఇంటికి వచ్చిపోయే వాళ్ళలో సగంమంది డాక్టర్లే. అయినా దీనికి మాత్రం ఎవరూ మందు చీటీ రాయలేకపోయారు.

ఒకసారి చర్చి పక్కన కారు పెట్టుకుని, ఎదురుగా ఉన్న హార్డ్‌వేర్ షాపుకి పోతున్నాడు. చర్చి మెట్ల మీదున్న పెద్దావిడ "వచ్చేశారా, మీకోసమే ఆగాం!" అంటూ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. "నేను మేకులు కొనుక్కోడానికి వచ్చానండీ" అనడానికి నోరు రాలేదు. ఎవరిదో తెలియని పెళ్ళిలో మూడో వరసలో కూచున్నాడు. పెళ్ళికొడుకు పక్కన నిలబడి ఫొటో దిగాడు, కేకు తిన్నాడు. వచ్చేటప్పుడు పెళ్ళికూతురి తండ్రికి "ఏ సాయం కావాలన్నా మొహమాటపడకండి" అని కూడా చెప్పి వచ్చాడు. మేకులు మాత్రం కొనలేదు.

కార్ల కంపెనీలో అతను బ్రేకుల ఇంజినీరు. ఎంత స్పీడులో ఉన్న బండి ఎక్కడికొచ్చి ఆగుతుందో లెక్కగట్టడమే ఉద్యోగం. తను మాత్రం ఎక్కడా ఆగలేడు. ఎవరేం అడిగినా "దానికేం భాగ్యం" అనేస్తాడు. ఇంటికొచ్చాక భార్య ఆండాళ్ ముందు తల పట్టుకుని కూచుంటాడు.

ఈ మనిషికి కూడా ఒక్కచోట గొంతు లేచేది. ఊళ్ళో ఉన్న తెలుగు కుటుంబాలన్నీ కలిసి ‘తెలుగు మిత్రమండలి’ అని ఒకటి పెట్టుకున్నాయి. దానికి యోగానంద్ కల్చరల్ సెక్రటరీ. స్టేజీ ఎక్కిన తెలుగువాడి ఒంటి మీద బట్ట నిండుగా ఉండాలన్నది అతని పట్టుదల. కిందటేడు ఉగాది నాటకంలో హీరో బనీనుతో నిద్ర లేచే సీను ఉంటే, రిహార్సల్లోనే ఆపించాడు. "మన పిల్లలు చూస్తారండీ! బనీనుతో మనిషిని చూపించడం ఏం కల్చర్?" అన్నాడు. ఆ హీరో దామోదర్. కంప్యూటర్ ప్రోగ్రామరు, రాకెట్‌బాల్ ఆడి కండలు పెంచినవాడు. బిగుతు చొక్కాలు వేసుకుంటాడు. ఆ రోజు చివరికి కోటు తొడుక్కునే నిద్ర లేచాడు గానీ, ఆ కక్ష మాత్రం కడుపులో దాచుకున్నాడు. రాబోయే ఉగాదికి ప్రెసిడెంటు పదవికి యోగానంద్ నిలబడుతున్నాడని తెలియగానే తనూ నిలబడ్డాడు.

యోగానంద్ ఆ పదవి మీద ఎంత ఆశ పెట్టుకున్నాడో ఆండాళ్‌కి తెలుసు. స్నానం చేస్తూ "గౌరవనీయులైన అధ్యక్షులు..." అని తనే అనుకుని, తనే గొంతు సవరించుకోవడం ఆవిడ తలుపవతల నుంచి చాలాసార్లు వింది.

ఇక తీనో సంగతి.

సెలెస్తీనో బాగ్తాస్ యోగానంద్ ఉండే వీధిలోనే ఉండేవాడు. ఫిలిప్పీన్స్ మనిషి. పెట్రోలు మండిపోతున్న రోజులు కావడంతో ఇద్దరూ ఒకే కార్లో ఆఫీసుకి పోయేవాళ్ళు. తీనో భార్య బేబీ, ఆండాళ్ పనిచేసే హాస్పిటల్లోనే నర్సు. యాభై దాటిన ఆవిణ్ణి ఆండాళ్ ఎంతో గౌరవంగా "బేబీ గారూ" అని పిలిచేది.

కొత్త కారు మోడల్ రోడ్డు మీదకి రాకముందే దాన్ని మట్టితో నిలువెత్తున చేసి చూసుకుంటారు. ఆ మట్టి కార్లు చేసేవాళ్ళలో తీనో ఒకడు. మనీలాలో బొమ్మలు చెక్కే చదువు చదివి, ఇక్కడికొచ్చి కార్ల బుగ్గలు నునుపు చేస్తున్నాడు. అందుకని కార్లో కూచున్న దగ్గర్నుంచీ దిగేదాకా వాళ్ళ దేశపు చిత్రకారుల గురించీ శిల్పుల గురించీ చెబుతూనే ఉండేవాడు.

"హువాన్ లూనా పేరు వినే ఉంటావు కదా, పారే?" అన్నాడు మొదటిరోజే. పారే అంటే మనం గురూ అన్నట్టు.

వినలేదు. అయితే అంత ఆశగా చూస్తున్న మనిషితో వినలేదని ఎలా అంటారు?

"వినకపోవడమేమిటి!" అన్నాడు యోగానంద్.

"చూశావా! ఇక్కడ ఒక్కడికీ తెలీదు!" తీనో స్టీరింగు మీద దరువేశాడు. "ఎయిటీన్ ఎయిటీఫోర్. మాడ్రిడ్‌లో పోటీ. స్పెయిన్ వాళ్ళు మమ్మల్ని ఏలుతున్న రోజులు, మమ్మల్ని మనుషుల్లో లెక్కేసేవాళ్ళు కాదు. వాళ్ళ దేశంలో, వాళ్ళు పెట్టిన పోటీలో, బంగారు పతకం మా లూనాకి. వెండి పతకం మా హిడాల్గోకి. లూనా బొమ్మ గోడంత ఉంటుంది. చచ్చిపోయిన గ్లాడియేటర్లని రోములో నేల మీద ఈడ్చుకుపోతుంటారు. అది చూస్తే నీకేమనిపించింది?"

"ఈడుస్తున్నట్టే అనిపించింది" అన్నాడు యోగానంద్, జాగ్రత్తగా.

"అంతే! సరిగ్గా అంతే!"

ఒక్క విషయంలో మాత్రం యోగానంద్ అబద్ధమాడలేదు. తీనో వంటింట్లో ఒక క్యాలెండరు ఉండేది. దాని మీద అమోర్సోలో వేసిన బొమ్మ, ఎండలో వరి నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు. వెలుగు వాళ్ళ వెనకనుంచి వస్తోంది. మెడా, భుజం, తలమీది గుడ్డా అంచులంతా వెలుగుతున్నాయి. దాని ముందు యోగానంద్ చాలాసేపు నిలబడిపోయాడు. "తీనో, ఇది మా తణుకు" అన్నాడు. "సాయంత్రం నాలుగింటికి గట్టు మీంచి చూస్తే మనుషులు ఇలాగే కనిపిస్తారు. మొహం నల్లగా, అంచు బంగారంగా."

తీనో కళ్ళు చెమర్చాయి. ఈ తెలుగువాడికి బొమ్మలు చూసే కన్నుందని ఆ క్షణాన ఖాయం చేసుకున్నాడు. యోగానంద్ పతనం అక్కడే మొదలైంది.

ఎనభై రెండు శీతాకాలం. ఊరి లైబ్రరీ హాల్లో ఫిలిప్పీన్స్ వాళ్ళు ఎగ్జిబిషన్ పెట్టబోతున్నారు. గోడల మీద లూనా, హిడాల్గో, అమోర్సోలో, మనన్సాలా బొమ్మల ప్రింట్లు, టోలెంటినో, అబ్వేవా చేసిన విగ్రహాల ఫొటోలు. మధ్యలో అసలైన విగ్రహం ఒక్కటే, అది తీనో చెయ్యాలి.

"టోలెంటినో చేసిన ఓబ్లేషన్ విగ్రహానికి అది నా నమస్కారం" అన్నాడు తీనో కార్లో. "ఓబ్లేషన్ చూసే ఉంటావు నువ్వు."

"ఓ! ఎన్నిసార్లో!" అన్నాడు యోగానంద్. మరీ ఎక్కువైందనిపించి, "ఫొటోలోలే" అని చేర్చాడు.

"ఆ నిలబడ్డ తీరు గుర్తుందిగా?"

"మర్చిపోతామా!"

"అలా నిలబడే మనిషి కావాలి నాకు. మా వాళ్ళు ఒక్కడూ ఒప్పుకోవడంలేదు. సిగ్గట! నువ్వయితే బొమ్మలు తెలిసినవాడివి. నిలబడతావా, పారే?"

"దానికేం భాగ్యం!"

పాపం, యోగానంద్‌కి విగ్రహమంటే తెలిసింది నాలుగురోడ్ల కూడలిలో కోటు వేసుకుని వేలు చూపించే విగ్రహమే. శనివారం పొద్దున్న త్రీపీస్ సూటు వేసుకుని, జేబులో ఫౌంటెన్ పెన్ను పెట్టుకుని బయల్దేరాడు. తన విగ్రహం చేయించుకోడానికి పోతున్నానని చెప్పుకోడానికి సిగ్గేసి, "తీనో ఇంట్లో కార్బురేటర్ చూడాలి" అన్నాడు ఆండాళ్‌తో.

"సూటులోనా?" అంది ఆండాళ్.

"దిగుమతి కార్బురేటర్" అన్నాడు యోగానంద్, ఏమనాలో తోచక.

గరాజులో హీటరు బుసలు కొడుతోంది. మట్టి మెత్తబడ్డానికి చిన్న ఓవెన్లో పెట్టాడు తీనో. కార్లకి వాడే రకమే, గోధుమరంగు మైనపు మట్టి. దాన్ని డబ్బు పెట్టి కొనుక్కొచ్చుకున్నాడు. గంధకం వాసనతో గరాజంతా దీపావళి మర్నాడులా ఉంది.

యోగానంద్ వేలు చూపిస్తూ నిలబడ్డాడు.

తీనో నవ్వాడు. "జోకులు బాగా వేస్తావు. కోటు తీసెయ్."

తీశాడు.

"టై. చొక్కా."

చలి కదా అనబోయాడు. తీనో హీటరు దగ్గరికి జరిపాడు.

"బనీను."

బనీనుల గురించి తన అభిప్రాయాలు చెప్పడానికి అది సందర్భం కాదనిపించింది. తీశాడు.

"ప్యాంటు."

"తీనో," అన్నాడు యోగానంద్ బెల్టు పట్టుకుని, "ఓబ్లేషన్ విగ్రహానికి... ప్యాంటు... నాకు సరిగ్గా గుర్తులేదు..."

తీనో గోడవైపు చూపించాడు. అక్కడ ఫొటో అంటించి ఉంది. రెండు చేతులూ చాచి, తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, ఆకాశానికి తనని తాను ఇచ్చేసుకుంటున్న యువకుడు. ఒంటిమీద నూలుపోగు లేదు. ఎక్కడ ఉండాలో అక్కడ ఒక్క ఆకుంది.

"మొదట్లో ఆ ఆకు కూడా లేదట" అన్నాడు తీనో భక్తిగా. "ఆ విగ్రహం పెట్టిన యూనివర్సిటీ పెద్దాయన అడిగితే తర్వాత పెట్టాడట టోలెంటినో. నీకు తెలుసుగా ఆ కథ."

"తెలుసు" అన్నాడు యోగానంద్. కళ్ళ ముందు ఉగాది, ప్రెసిడెంటు కుర్చీ, దామోదర్ నవ్వు గిర్రున తిరిగాయి.

ఇక్కడ మీరూ నేనూ అయితే ఏం చేస్తాం? ప్యాంటు గట్టిగా పట్టుకుని ఇంటికి పోతాం. యోగానంద్ అలా కాదు. "ఎన్నిసార్లో చూశాను" అన్నవాడు ఇప్పుడు చూడలేదని చెప్పాలి. అంతకంటే ప్యాంటు తియ్యడమే తేలికనిపించింది. చివరికి పట్టాపట్టీల డ్రాయరు దగ్గర తీనో కనికరించాడు. "చాలు. మిగతాది నేను ఊహిస్తాను" అన్నాడు.

ఆ ఊహించేదేమిటో యోగానంద్ అడగలేదు.

అలా ఆ చలికాలమంతా శనివారాలు గరాజులో గడిచాయి. చేతులు చాచి తల వెనక్కి వాల్చి నిలబడటం ఎంత కష్టమో నిలబడ్డవాడికే తెలుస్తుంది. కాసేపటికి భుజాలు లాగేవి, చంకలు వణికేవి. దేశం కోసం ప్రాణాలివ్వడం ఇంతకంటే సులువేమో అనిపించేది. తీనో మాత్రం కార్లు చేసిన అలవాటుతో పనిచేసేవాడు. మట్టి భుజం మీద అరచెయ్యి నిమురుతూ, ఒక కన్ను మూసి, "ఇక్కడ లైటు విరుగుతోంది, నునుపు చాల్లేదు" అనేవాడు. మళ్ళీ గీకేవాడు. పోనుపోను యోగానంద్ భుజాలు ఆ ఏటి కొత్త మోడల్ కారు ముందుభాగంలా నిగనిగలాడాయి.

పొట్ట దగ్గర పేచీ వచ్చింది.

"ఇది తీసేస్తాను" అన్నాడు తీనో, పొట్టని చూస్తూ.

"ఏమిటి!"

"బొమ్మలో, పారే. వీరుడికి పొట్ట ఉండదు."

యోగానంద్ మనసులో దేవుడికి దండం పెట్టుకున్నాడు. పొట్ట లేకపోతే తనని ఎవరు పోల్చుకుంటారు? ఆ ధైర్యంతోనే మీసం కూడా తీసేయించాడు, బొమ్మలోనే. కళ్ళజోడు ఎలాగూ లేదు. మిగిలింది ఆకు.

"ఆకు కొంచెం పెద్దది పెట్టకూడదూ?" అన్నాడొక శనివారం.

"ఎంత?"

"మా వైపు అరిటాకులుంటాయి..."

"మా వైపూ ఉన్నాయి, మేమూ అందులోనే తింటాం" అన్నాడు తీనో. "కానీ వీరుడు భోజనం కాదు కదా, పారే."

నిలబడింది తనేనని ఎవరికీ చెప్పనని తీనో చేత ఒట్టు వేయించుకున్నాడు యోగానంద్. తీనో సిలువ గీసుకుని మరీ మాటిచ్చాడు.

అయినా భయం పోలేదు. ఎగ్జిబిషన్ దగ్గరపడ్డకొద్దీ యోగానంద్‌కి నిద్ర పట్టడం మానేసింది. దానికితోడు హాస్పిటల్లో బేబీ గారు ఆండాళ్‌ని పిలిచింది. ఆండాళ్ మిత్రమండలి మొత్తాన్నీ పిలిచింది. "పాపం ఎవరూ రారేమోనని బెంగపడుతోందండీ బేబీ గారు. మనవాళ్ళందర్నీ తీసుకొస్తానన్నాను. మీ ఫ్రెండేగా, సంతోషిస్తారు మీరు కూడా" అంది.

యోగానంద్ అన్నం మధ్యలో లేచిపోయాడు.

మర్నాడు కార్లో, విగ్రహం పెట్టొద్దని చెప్పేద్దామని నిశ్చయించుకున్నాడు. "తీనో..." అన్నాడు.

అదే సమయానికి తీనో కూడా ఏదో చెప్పబోయి, అతనికి గౌరవమిచ్చి ఆగి, యోగానంద్ కూడా ఆగి, "నువ్వు చెప్పు, నువ్వు చెప్పు" అని అనుకుని, చివరికి తీనోయే చెప్పాడు.

"నేను ఇన్నేళ్ళలో చేసిందేదీ మిగల్లేదు, పారే. మట్టి కారు చేస్తాం, పెద్దవాళ్ళొచ్చి చూస్తారు, సరే అంటారు. రేకుతో చేశాక మా మట్టిని గీకి, కరిగించి, మళ్ళీ ఇంకో కారు చేస్తారు. మనీలాలో మా అబ్వేవాని చూడు. టోలెంటినో శిష్యుడే, అయినా గురువు చేసింది మళ్ళీ చెయ్యలేదు. చెక్క, రాయి, సిమెంటు, ఏది దొరికితే దాంతో తనదంటూ ఒక దారి వేసుకున్నాడు. చెయ్యి పెట్టి తాకడానికి అతను చేసింది అక్కడ ఉంది. నాదీ ఒకటి ఉంటుంది ఇప్పుడు. అది నీ వల్లే." అంతలో గుర్తొచ్చి అన్నాడు. "నువ్వేదో చెప్పబోయావు?"

"ఏమీ లేదు" అన్నాడు యోగానంద్. "హీటరు వెయ్యి, చలిగా ఉంది."

మార్చిలో ఒక ఆదివారం లైబ్రరీ హాలు నిండిపోయింది. ఒక పక్క నూడిల్స్, గుడ్డు అప్పాలూ పెట్టుకుని ఫిలిప్పీన్స్ వాళ్ళు. ఇంకో పక్క పట్టుచీరల్లో మిత్రమండలి. మధ్యలో, ప్లాస్టర్‌తో పోతపోసి కంచురంగు పూసిన విగ్రహం ఎత్తైన దిమ్మ మీద నిలబడింది. దిమ్మ మీద "వలస వెళ్ళినవాడు" అని పేరు.

యోగానంద్ సూటులో, మెడదాకా గుండీలు పెట్టుకుని, నూడిల్స్ పెట్టిన బల్ల వెనక నక్కాడు.

మిత్రమండలి ఆడవాళ్ళు మొదట విగ్రహాన్ని తప్ప అన్నిటినీ చూశారు. తర్వాత కాఫీ కప్పుల అంచుల మీంచి చూశారు. మగవాళ్ళు కళాఖండాన్ని చూస్తున్నట్టు చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగారు.

"కస్టమ్స్‌లో చెక్ చేస్తుంటే నిలబడ్డట్టున్నాడు" అన్నాడొకాయన.

"ఏం భుజాలండీ!" అంది శశికళ. ఆవిడ మిత్రమండలి ట్రెజరరు, మనసులో ఏదీ దాచుకోలేని మనిషి. "ఇవి ఎక్కడో చూసినట్టుంది నాకు... దామోదర్ గారూ! ఇవి మీవి కావు కదా?"

అందరూ దామోదర్ వైపు తిరిగారు. దామోదర్ అందుకే పుట్టినట్టు పొట్ట లోపలికి లాక్కుని, ఛాతీ విరిచాడు.

"ఛ ఛ, శశికళ గారూ... చెప్పొద్దన్నాను ఆ తీనోకి" అన్నాడు, సిగ్గుపడుతున్నట్టు.

హాలంతా గుసగుస. ఒక్కళ్ళు కూడా ఛీ అనలేదు. "అబ్బ, రాకెట్‌బాల్ అంటే అదండీ!" "మా ఆయన్ని కూడా పంపించాలి." ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. తీనో నోరు తెరిచి, యోగానంద్ వైపు చూసి, ఒట్టు గుర్తొచ్చి మూసుకున్నాడు.

యోగానంద్ బల్ల వెనక గట్టిగా ఊపిరి వదిలాడు. గండం గడిచింది! తన పరువు పదిలం. నింద పోయి దామోదర్ మీద పడింది. అయితే ఇదేం నింద? ఆ దరిద్రుడు దండలు వేయించుకున్నట్టు నవ్వుతున్నాడేం? చలికాలమంతా చేతులు చాచుకుని నిలబడింది ఎవరు? అతని గొంతులో ఏదో అడ్డం పడింది. గుడ్డు అప్పం కాదు, అది ఇంకా నోట్లో పెట్టుకోలేదు.

ఈలోపు ఫిలిప్పీన్స్ వాళ్ళ సంఘం పెద్ద, పళ్ళడాక్టరు కబాహుగ్ గారు, విగ్రహం వెనక్కి వచ్చి ఉపన్యాసం అందుకున్నారు. వెండి జుట్టు, పెద్ద గొంతు. "ఈ నడుం చూడండి! చుట్టూ సన్నటి గాడి ఉంది, కనిపిస్తోందా? ఇది మామూలు గీత కాదు. మమ్మల్ని మూడు వందల ఏళ్ళు కట్టి ఉంచిన సంకెళ్ళ గుర్తు! మనిషి స్వేచ్ఛ పొందినా ఒంటి మీద గుర్తు మిగిలింది. ఎంత గొప్ప ఆలోచన, సెలెస్తీనో!"

తీనో మొహం ఎర్రబడింది. కళ్ళ ముందున్నది ఉన్నట్టు చెక్కడమే అతనికి తెలుసు.

అంతా విగ్రహం వెనక్కి చేరారు. వాళ్ళలో ఆండాళ్ ఉంది. ఆవిడ గాడిని చూసింది. మళ్ళీ చూసింది. ఆ గాడి ఎడమవైపు ఒక చోట కొంచెం లోతుగా, గోళీ నొక్కినట్టుంది. అక్కడ ముడి పడుతుంది. ఎడమవైపు ముడి వేసుకునే మనిషి, ఇన్నేళ్ళుగా ఎంత చెప్పినా ఊపిరాడనంత బిగించి కట్టుకునే మనిషి, ఆవిడకి ఒక్కడే తెలుసు.

"డాక్టర్ గారూ," అంది ఆండాళ్ ఇంగ్లీషులో, "అది సంకెళ్ళ గుర్తు కాదండీ. డ్రాయరు బొందు."

కబాహుగ్ గారి చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"వదినగారూ!" అంది శశికళ.

"ఈ వీపు మా ఆయనది" అంది ఆండాళ్ తెలుగులో, చాలా మామూలుగా. ఆ తర్వాత ఏమన్నానో తెలిసి, చెవులదాకా కందిపోయింది.

దామోదర్ పగలబడి నవ్వాడు. "ఆండాళ్ గారూ, ఏమీ అనుకోకండి... యోగానంద్ గారికి ఈ బాడీయా! ముందు నుంచి చూసి చెప్పండి. బొమ్మకి పొట్టే లేదు!"

అందరూ నవ్వారు. శశికళ కూడా నవ్వింది. నవ్వు తెలుగువాళ్ళ దగ్గర మొదలై, ఏమిటో తెలియకుండానే ఫిలిప్పీన్స్ వాళ్ళకి కూడా అంటుకుంది. దాని మధ్యలో ఆండాళ్ ఒక్కత్తీ, చేతిలో కాఫీ కప్పుతో, ఎటు చూడాలో తెలియక నిలబడింది.

యోగానంద్ అది చూశాడు.

ఊరుకుంటే చాలు. ఏమీ అనకపోతే ప్రెసిడెంటు కుర్చీ ఉంది, పరువుంది. ఏమీ అనకుండా ఉండటం అతనికి కొత్త కాదు కూడా. బల్ల పక్కకి జరిపి ముందుకొచ్చాడు.

"కాదు" అన్నాడు.

ఆ మాట అతని నోట్లోంచి రావడం ఆండాళ్ ఎప్పుడూ వినలేదు. తలెత్తి చూసింది.

"కాదు దామోదర్. అది మీరు కాదు. అది నేను."

"మాస్టారూ, ఆడవాళ్ళ ముందు ఎందుకండీ ఇవన్నీ..." అన్నాడు దామోదర్.

యోగానంద్ కోటు విప్పి బేబీ గారి చేతికిచ్చాడు. వెయిస్ట్‌కోటు విప్పాడు. టై భుజం మీద వేసుకున్నాడు. తర్వాత, ఉగాది నాటకంలో బనీను ఆపించిన ఆ మహానుభావుడు, ఫార్మింగ్టన్ హిల్స్ లైబ్రరీ హాల్లో, చొక్కా బనీనుతో సహా పైకెత్తి, అందరికీ వీపు తిప్పి, ప్యాంటూ డ్రాయరూ అంచులు రెండు వేళ్ళంత కిందికి దించి నిలబడ్డాడు. చేతిలో చొక్కా ఉందన్న మాటేగానీ, అలవాటుకొద్దీ తల కొంచెం వెనక్కి వాలిపోయింది.

కబాహుగ్ గారు జేబులోంచి కళ్ళజోడు తీశారు. పళ్ళు చూసే శ్రద్ధతో వంగి ఆ నడుం చూశారు. వెళ్ళి బొమ్మ నడుం చూశారు. మళ్ళీ వచ్చారు. ఆయన వెనక వరస కట్టి అందరూ అక్కడికీ ఇక్కడికీ తిరిగారు. గాడి, దాని పక్కన గోళీ గుంట, అన్నీ అక్కడున్నవి ఇక్కడున్నాయి.

"ఒట్టు తీసేశాడు కదా, ఇంక చెప్పొచ్చు" అన్నాడు తీనో, గట్టిగా. "ఇతనే. శనివారం శనివారం. ఒక్కసారి కూడా చెయ్యి దించలేదు."

"స్పెయిన్ వాళ్ళు కూడా ఇంత బిగించి కట్టలేదు" అంది బేబీ గారు, కోటు పట్టుకుని.

ఈసారి నవ్వు ఇంకోలా వచ్చింది. దామోదర్ "ఇద్దరం నిలబడ్డాంలెండి, విడివిడిగా" అని ఏదో అన్నాడు గానీ, అప్పటికే అందరూ యోగానంద్‌తో ఫొటోలకి పోటీ పడుతున్నారు. ఫిలిప్పీన్స్ ముసలమ్మలు అతన్ని విగ్రహం పక్కన నిలబెట్టి చేతులు చాపించారు. చొక్కా లోపలికి దోపుకోడానికి కూడా టైమివ్వలేదు.

ఇంటికి పోతూ కార్లో అంది ఆండాళ్, "కార్బురేటరా?"

"అంటే..."

"దిగుమతి కార్బురేటరా!" అని కిటికీ వైపు తిరిగి, చీరకొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందేమోనని యోగానంద్ భయపడి కారు పక్కకి ఆపాడు. ఏడవడం లేదు.

ఉగాదికి దామోదర్ ప్రెసిడెంటయ్యాడు. యోగానంద్ అంటే అందరికీ ప్రేమే. చప్పట్లు కొట్టినవాళ్ళూ, ఫొటోలు దిగినవాళ్ళూ వాళ్ళే. అయితే "రేపు స్టేజీ మీద మన పిల్లలకి ఏం చెబుతాడండీ ఆయన?" అన్నారు. మొహమాటం లేని మనుషులు. ఓట్లు దామోదర్‌కి పడ్డాయి. ఆ రాత్రి స్నానాలగదిలోంచి ఏ ఉపన్యాసమూ వినిపించలేదు. ఆండాళ్ తలుపవతల కాసేపు నిలబడి, ఆయన ముక్కు చీదుకున్న చప్పుడు విని, వంటింట్లోకి వెళ్ళి పకోడీలకి పిండి కలిపింది.

మర్నాడు పొద్దున్న తీనో వంతు డ్రైవింగు. ఊరంతా దాటేదాకా ఒక్క చిత్రకారుడి పేరు కూడా ఎత్తలేదు.

"మా వాళ్ళు సంఘం హాల్లో పెట్టుకుంటారట ఆ బొమ్మని. ఎప్పటికీ" అన్నాడు చివరికి.

"అబ్బ! మంచి మాట చెప్పావు!"

"ఒక్క షరతు. డాక్టర్ కబాహుగ్ అంటున్నాడు, ఆ గాడి పూడ్చెయ్యమని. ఇప్పుడు ఎవరు చూసినా వాళ్ళకి సంకెళ్ళు కనపడటం లేదట, డ్రాయరే కనపడుతోందట. ప్లాస్టర్ పెట్టి పూస్తే ఒక మధ్యాహ్నం పని." తీనో రోడ్డు వైపే చూస్తున్నాడు. "నీకూ మంచిదేగా, పారే. పూడ్చేస్తే అది ఎవరైనా కావచ్చు. నీ పరువు..."

సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడి కారు ఆగింది. యోగానంద్ ఆలోచించాడు. పూడ్చేస్తే మిగిలేది నునుపైన, పొట్టలేని, మీసంలేని ఎవడో ఒకడు. ఎవడైనా వచ్చి నాదేనని ఛాతీ విరుచుకోవచ్చు.

"నువ్వేమనుకుంటున్నావు?" అన్నాడు.

"నేను చూసింది చెక్కాను. అదొక్కటే నేను కారులాగా నునుపు చెయ్యలేదు." తీనో గొంతు తగ్గించాడు. "అయినా వాళ్ళు హాలు ఇస్తున్నారు. నువ్వు సరే అంటే పూడ్చేస్తాను."

"వద్దు" అన్నాడు యోగానంద్.

"వాళ్ళతో ఏమని చెప్పను?"

"నడుం నాది, నేను ఒప్పుకోవడం లేదని చెప్పు. హాలు వాళ్ళది, బొమ్మ నీది, గాడి మాత్రం నాది. కావాలంటే నేనే వచ్చి చెబుతాను."

తీనో పక్కకి తిరిగి అతన్ని చూశాడు, కొత్త మనిషిని చూసినట్టు. వెనక కారువాడు హారన్ కొట్టాడు.

"ముందు చూడు, తీనో," అన్నాడు యోగానంద్, "గ్రీన్ పడింది. పోనీయ్."